చవుడు మన్ను నుంచి ప్యాడు దాకా

"కింద మంటగా ఉండాదమ్మా" అని నాతో సూటిగా చెప్పినవాళ్లు తక్కువ. "వేడి చేసింది" అని తలదించుకునేవాళ్లు. నాకు తెలిసిపోయేది. 1985లో మండలాలు ఏర్పడిన రెండేళ్లకు ఏఎన్ఎంగా వరికుంటపాడు వైపు వచ్చాను. ఉదయగిరి పక్క మెట్ట. బోరింగు కొడితే ఉప్పునీళ్లు. వాటిలో సబ్బు నురగెత్తదు, తెల్లటి తెట్టుకట్టి బట్టనే అంటుకుంటుంది. ఈ మంట, దురదల కథలో సగం నాకు ఆ తెట్టులోనే కనపడింది.

మా అమ్మ తరానికి నెలసరి గుడ్డంటే పాత నూలుచీర చింపు. ఉతుకుడికి చవుడు. చవిటినేల మీద ఎండకు తేలే ఆ మన్నులో ఉండేది సోడాయే. చాకిరేవులో బట్టల్ని చవుడునీళ్లలో తడిపి, ఉబ్బలో ఉడికించి, పుష్కలంగా నీళ్లున్నచోట జాడించేవాళ్లు. సోడా అంతా ఆ నీళ్లతో పోయేది. సమర్తాడిన పిల్ల బట్టలు చాకలమ్మకే ఇచ్చేవాళ్లు. నెలనెలా గుడ్డలు మాత్రం రేవుకు పోయేవి కావు, సిగ్గు. తెల్లారకముందే రెండు చెంబుల నీళ్లతో పిండి, చూరులోనో, పావడా కిందో దాచి ఆరేసేవాళ్లు. ఎండ తగలని గుడ్డ అట్టకట్టి తొడల సందున ఒరిసేది. ఒరిసిన చోట పాసేది, పాసిన చోట తామర పట్టేది.

తర్వాత డిటర్జెంటు పొడులు వచ్చాయి. 1969లో కర్సన్‌భాయ్ పటేల్ అహ్మదాబాద్‌లో మొదలుపెట్టిన నిర్మా, టీవీ పాటతో మా అంగళ్లకూ చేరింది. చవుడు మోసే బాధ తప్పింది. జాడించే నీళ్లు మాత్రం ఆ రెండు చెంబులే, పొడి గుడ్డలోనే మిగిలి మంటపెట్టేది. తప్పు పొడిది కాదు, నీళ్లది.

ఆకు రెలుపుల కాలంలో ఇంకో బాధ. పొగాకు జిగురు అంటిన చేతులు, చేలో నీళ్లుండవు, చాటుండదు. మిరపకాయలు కోసిన చేత్తో పొరపాటు చేసినవాళ్లయితే వాళ్లలో వాళ్లే చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వులో నేనూ కలిసేదాన్ని.

నా తప్పు కూడా చెప్పాలి. మీటింగుల్లో "స్నానం నీళ్లలో ఒక మూత యాంటీసెప్టిక్ వేసుకోండి" అని చెప్పినదాన్ని నేనే. విన్నవాళ్లలో కొందరు ఎర్రగా కందిపోయి వచ్చారు. దురదంటే మురికి అనుకున్నాం, అందుకని ఇంకా రుద్దారు. లోపల ఉండే పులుపుదనమే అక్కడికి కాపలా అనీ, బయట మామూలు నీళ్లు చాలనీ నాకు తెలిసేసరికి సగం సర్వీసు అయిపోయింది.

2018 జులైలో ప్యాడ్ల మీద జీఎస్టీ తీసేశారు. 2021 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వ 'స్వేచ్ఛ' పథకం కింద బడిలో ఆడపిల్లలకు నెలకు పది ప్యాడ్లు ఇవ్వడం మొదలైంది. మంచిపనే. కానీ బడిలో మార్చుకునే చోటు లేక పొద్దుటి ప్యాడు సాయంత్రం దాకా ఉంచుకున్న పిల్లలకు ఆ ఉక్కకే చర్మం ఒరిసింది. పెద్దాళ్లలో పెరుగు విరిగినట్టు తెల్లబట్ట, దురద ఉంటే షుగరు చూపించమనేదాన్ని. కొందరికి జబ్బు అలాగే బయటపడింది. దురదకని మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ ట్యూబు వారం చల్లగా ఉంచి, తామరను నడుం దాకా పాకించేది.

ఒక అవ్వ ఉండేది, డెబ్బై దాటిన మనిషి. ముట్టుడిగి ఇరవై ఏళ్లయినా రాత్రిళ్లు గోక్కోవడమే. చూస్తే సున్నం పూసినట్టు తెల్లగా, కాగితంలా పలచనైన చర్మం. ఇది గుడ్డ వల్లా కాదు, సబ్బు వల్లా కాదు. నెల్లూరు పంపిస్తే లైకెన్ స్క్లెరోసస్ అన్నారు. దానికి మాత్రం స్టెరాయిడ్ పూతే మందు, డాక్టరు చూస్తూ ఇవ్వాలి. వదిలేస్తే అరుదుగా క్యాన్సరుకు దారితీస్తుంది.

"ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదవ్వా?" అన్నాను.

"తెల్లగుండాదని నాకేం ఎరిక తల్లీ. మొగం చూసుకునేదానికే అద్దం లేని కొంప. అక్కడ యాడ చూసుకునేది?"