చిరాగు వెలుగులో నానీమా

భద్రాచలం అడవి అంచున మా ఊళ్లో ఓ సహరీ వేళ కరెంటు పోయింది. చిరాగు ముందు నానీమా చెప్పిన పాత ముచ్చట్లు వీడియో తీశాను. ఆవాజ్ తప్ప అంతా అంధేరా.

వెయ్యేళ్ల కిందటే బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్ సాహెబ్ గ్రహణాన్ని రంధ్రం గుండా చూసి రాశారు: రంధ్రం సన్నగా ఉంటేనే సూర్యుడి నెలవంక ఆకారం తేటగా పడుతుంది. పెద్దదైతే నూర్ పెరుగుతుంది, ఆకారం చెదురుతుంది. ఆ చిక్కును తర్వాత లెన్సు విప్పింది, కానీ ఒక్క దూరానికే.

1975 నాటి ‘బ్యారీ లిండన్’ సినిమాలో కొవ్వొత్తుల సీన్ల కోసం కుబ్రిక్, నాసాకు జైస్ కంపెనీ చేసిన ఎఫ్ 0.7 లెన్సు వాడారు. ఎఫ్ 1.4 కన్నా నాలుగింతల వెలుగు. ఖీమత్? ముఖం కాస్త ముందుకో వెనక్కో జరిగినా మసకే.

మొన్న ఎఫ్ 1.4 లెన్సు అరువు తెచ్చాను. ‘‘నానీమా, జర హిలో నక్కో’’ అన్నాను.

‘‘మరి దువాకు చేతులెత్తొద్దా బేటా?’’ అంది.

మసకైనా సరే, ఎత్తమన్నాను.