ఏడిపించడం: ముంబయి తెలుగు పిల్లల బాల్యంలో ఒక మాట చరిత్ర

దాదర్ చుట్టుపక్కల నాయ్‌గావ్, ప్రభాదేవి, వర్లీ చాళ్లలోను, ఇంకా దక్షిణాన కామాఠీపుర సందులలోను తెలుగువారు తరతరాలుగా కాపురముంటున్నారు. ఈ పరిధిలో పిల్లలు తోటి పిల్లలను బాధించే తీరు ఎలా మారుతూ వచ్చిందో స్థూలంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మాటను చూద్దాం. ఇంగ్లీషువారు 'బులీయింగ్' అనేదానికి తెలుగులో సరిగ్గా సరిపోయే పదం ఒక్కటీ లేదు. ఏడిపించడం, వెక్కిరించడం, గేలిచేయడం, ఆటపట్టించడం అంటాం. 'ఏడిపించు' ప్రేరణార్థక క్రియ. ఎదుటివాడి ఏడుపు అందులోనే ఉంది. 'ఆటపట్టించు'లో ఉన్నది ఆట. ఒకే చేష్టను చేసేవాడు ఆట అంటాడు, పడేవాడికి అది ఏడుపు. డాన్ ఓల్వేయస్ ఈ విషయంపై తన పరిశోధనను స్వీడిష్ భాషలో 1973లో ప్రచురించాడు. శాస్త్రం దీన్ని పట్టించుకోవడం అంత ఇటీవలి సంగతి. మరాఠీలో అన్న అని అర్థమిచ్చే 'దాదా' బొంబాయి వీధుల్లో దౌర్జన్యపరుడికి పేరయి, 'దాదాగిరి'గా మన పిల్లల తెలుగులోకి కూడా వచ్చింది.

పద్దెనిమిదో శతాబ్దం చివర నుంచి కట్టడాల పనులకు వచ్చిన తెలుగు కూలీలను ఈ నగరం 'కామాఠీలు' అంది. వారి పేరుమీదే కామాఠీపుర వెలసింది. క్రమంగా ఆ పేట వేశ్యావాటికగా పేరుపడింది. అక్కడ పెరిగిన పిల్లవాడికి బడిలో చిరునామా చెప్పడమే కష్టమైంది. అతడు ఏ తప్పూ చేయలేదు. ఊరి పేరే నింద అయింది.

మిల్లులలో చేరిన తెలంగాణ నేతకార్మికుల పిల్లలకు మరో పేరు దొరికింది. 1966లో శివసేన ఏర్పడిన తర్వాత దక్షిణాదివారికి వ్యతిరేకంగా సాగిన ప్రచారంలో 'మద్రాసీ', 'లుంగీ' వంటి మాటలు పెద్దల నోట నుంచి పిల్లల నోటికి దిగాయి. నిజాం రాజ్యంలో ఉండిన కరీంనగర్, నల్లగొండలు ఏనాడూ మద్రాసు రాజధానిలో భాగాలు కావు. ఆ సంగతి పదేళ్ల పిల్లవాడు ఎవరికి విడమరిచి చెప్పగలడు?

చాళ్లలో పెరిగిన పెద్దలు, తమ కాలంలో గ్యాలరీలో ఎవరైనా కొట్టుకుంటే పక్కగది పెద్దమ్మ వచ్చి విడదీసేదని మాతో తరచుగా చెప్తారు. అది నిజమే. అయితే ఆ గ్యాలరీ దెబ్బను ఆపింది గాని మాటను ఆపలేదు. కులం పేరునో, యాసనో ఎత్తి పిల్లలు నవ్వినప్పుడు పెద్దలు కూడా నవ్విన సందర్భాలు ఉన్నాయి. గతాన్ని మరీ తీపి చేసుకోవడం చరిత్ర కాదు.

1982 మిల్లు సమ్మె తర్వాత వేలాది కుటుంబాలు చెదిరిపోయాయి. పిల్లలు ఇంగ్లీషు మాధ్యమానికి మళ్లారు. చాళ్ల స్థానంలో అంతస్తుల భవనాలు లేస్తున్నాయి. ఇప్పుడు వెక్కిరింత సెల్‌ఫోనులో ఇంటికి, పడకదాకా వస్తుంది. దాన్ని చూసేవారు పదిమంది ఉంటారు, విడదీసే పెద్దమ్మ మాత్రం ఉండదు. ఇది ముఖ్యమైన మార్పు.

చట్టాలు వచ్చాయి. ర్యాగింగును నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1997లోను, మహారాష్ట్ర 1999లోను శాసనాలు చేశాయి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. కాని తోటివారు నవ్వుతారని బడి గేటు దగ్గర తల్లితో తెలుగులో మాట్లాడటం మానేసిన పిల్లవాడు ఏ ఫిర్యాదూ రాయడు. ఒక భాష ఒక కుటుంబంలో ఆగిపోవడం చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది.

తెలుగునాటికి వెలుపల చదువుకుంటున్న మీకు మా విన్నపం ఒకటే. మీ తల్లిదండ్రులను చిన్నప్పుడు ఏమని పిలిచేవారో అడగండి. ఆ మాటను, ఏ ఊళ్లో ఏ సంవత్సరంలో విన్నారో, అప్పుడు ఎవరు నవ్వారో రాసిపెట్టండి. మీరు ఎవరిని ఏమని పిలిచారో కూడా అదే కాగితం మీద రాయండి. ఆ రెండో భాగం లేకపోతే మొదటిది సగం చరిత్రే.