చుక్క చుక్కగా మేత: ఫెడ్-బ్యాచ్ పుట్టుపూర్వోత్తరాలు

సబ్బుపొడిలో మరకలు వదిలించే ప్రోటియేజ్, గంజిని చక్కెరగా విడగొట్టే ఆమైలేజ్ వంటి ఎంజైములను పరిశ్రమల్లో ఎక్కువగా బాసిల్లస్ బ్యాక్టీరియాతోనే చేయిస్తారు. ఇలాంటి సూక్ష్మజీవులకు మేతను ఒకేసారి కాకుండా నిదానంగా అందిస్తే దిగుబడి బాగుంటుందన్నది వందేళ్ల అనుభవం నేర్పిన పాఠం.

ఈ కిటుకు మొదట బేకరీ ఈస్టు తొట్లలో బయటపడింది. మొలాసిస్ (చక్కెర మడ్డి) అంతా ఒకేసారి పోస్తే, ఎంత గాలి ఊదినా ఈస్టు ఆ చక్కెరలో చాలా భాగాన్ని ఆల్కహాలుగా మార్చేసేది. 1919 ప్రాంతంలో జర్మనీలో హేడక్, డెన్మార్క్‌లో సాక్ దీనికి విరుగుడు చెప్పారు: ఈస్టు పెరిగేకొద్దీ మొలాసిస్‌ను కొంచెం కొంచెంగా వదలాలి. ఈ పద్ధతికి ‘ఫెడ్-బ్యాచ్’ అని పేరు పెట్టింది మాత్రం జపాన్ శాస్త్రజ్ఞులు యోషిదా, యమానే, నకమోతో. అది 1973లో.

బ్యాక్టీరియా విషయంలో అసలు కారణం పారిస్‌లో తేలింది. రెండు రకాల చక్కెరలు కలిపి పెడితే బ్యాక్టీరియా ముందు గ్లూకోజును ముగించి, కాసేపు ఆగి, ఆ తర్వాతే రెండోదాని జోలికి వెళ్తుందని జాక్ మోనో 1941లో చూపించాడు. గ్లూకోజు పుష్కలంగా ఉన్నంతసేపూ ఇతర ఆహారాలను వాడుకునే ఎంజైముల తయారీ అణగి ఉంటుంది. ఆమైలేజ్ కూడా అంతే. ఈ.కోలై అనే బ్యాక్టీరియాకు మరో బెడద ఉంది: గ్లూకోజు ఎక్కువైతే అది అసిటేట్‌ను బయటికి వదులుతుంది, పీహెచ్ పడిపోయి పెరుగుదల మందగిస్తుంది.

పెద్ద ఫెర్మెంటర్‌కు పంపు, ఆక్సిజన్ ప్రోబ్ ఉంటాయి. షేకర్ మీద గిరగిరా తిరిగే కోనికల్ ఫ్లాస్కుకు అవేవీ ఉండవు. ఆ కొరత తీర్చడానికి ఎన్నో ఉపాయాలు పుట్టాయి. అమెరికాలో స్టూడియర్ అనే శాస్త్రజ్ఞుడు 2005లో ఈ.కోలై కోసం గ్లూకోజు, గ్లిజరాల్, లాక్టోజు కలిపిన మీడియం రూపొందించాడు. గ్లూకోజు అయిపోగానే లాక్టోజు తనంతట తానే ఎంజైము ఉత్పత్తిని మొదలుపెట్టిస్తుంది. 2006లో జర్మనీలోని ఆకెన్ పరిశోధకులు గ్లూకోజు స్ఫటికాలను సిలికోన్ బిళ్లల్లో పొదిగారు. ఫ్లాస్కులో వేసిన బిళ్ల నుంచి చక్కెర గంటల తరబడి మెల్లగా ఊరుతుంది. 2008లో ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయం బృందం పిండిపదార్థాన్ని నిలవగా ఉంచి, దాన్నుంచి గ్లూకోజును ఒక ఎంజైముతో విడిపించింది. ఎంజైము మోతాదు పెంచితే మేత జోరుగా అందుతుంది, తగ్గిస్తే నెమ్మదిస్తుంది.

దిగుబడి చాలడం లేదని కొత్త బ్యాక్టీరియా కోసం వెతుకుతున్న విద్యార్థులు ముందు ఉన్నదానితోనే ఒక పరీక్ష చేసి చూడాలి. ఒక ఫ్లాస్కులో గ్లూకోజు అంతా ఒకేసారి వేయండి. రెండోదానిలో అంతే గ్లూకోజును విడతలుగా, ప్రతి విడతకూ ముందు పీహెచ్ చూసుకుంటూ ఇవ్వండి. చివర్లో రెండింటి ఎంజైమునూ కొలవండి.