కొండ దిగిన వైద్యము

వికారాబాదు చెంతనున్న అనంతగిరి యనగానే శ్రోతలకు అనంతపద్మనాభస్వామి కోవెల, మూసీ పుట్టుక స్ఫురించును. ఒక తరమువారికి మాత్రము ఆ పేరు వినిన గుండె ఝల్లుమనెడిది. నిజాము కాలమున వెలసిన క్షయరోగుల ఆసుపత్రి అక్కడ నున్నది.

మందులు చేతికందని నాళ్లలో కొండగాలి, విశ్రాంతి, మంచి తిండియే చికిత్స. రోగి ఇల్లు వదలి కొండ యెక్కవలెను. తాండూరు నాపరాతి గనులలో కూలి చేయువాడు నెలల తరబడి మంచమున నున్నచో ఇంట పొయ్యి వెలుగుట ఎట్లు?

జవాబు మద్రాసునుండి వచ్చినది. 1956లో అక్కడ 193 మంది పేదరోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టును ఆసుపత్రిలో నుంచి, రెండవదానికి ఇంటివద్దనే, అవే మందులు ఏడాదిపాటు ఇచ్చిరి. ఇరుకిండ్లలో చాలీచాలని తిండితో నున్నవారును ఇంచుమించు అంతగానే కోలుకొనిరి. వారి ఇంటివారికి అంటు అధికము కాలేదు. 1959లో ఈ ఫలితము వెలువడిన పిమ్మట ప్రపంచమంతటను శానిటోరియముల ప్రాభవము తగ్గినది. ఈ పరిశోధనకు రావలసినంత పేరు రాలేదని మా అభిప్రాయము.

ఇప్పుడు వైద్యమే రోగిని వెదకుచున్నది. 2021 సెప్టెంబరు 11న వికారాబాదులో టీకాల పెట్టెలతో డ్రోనులు ఎగిరినవి. ఆ యేడే ప్రపంచ ఆరోగ్య సంస్థ, పదునైదేండ్లు నిండినవారి ఛాతీ ఎక్సరేలను కంప్యూటరుచే చదివించి క్షయ అనుమానితులను ఏరవచ్చునని సమ్మతించినది. 2024 డిసెంబరులో దేశమున మొదలైన నూరురోజుల ఉద్యమములో, కృత్రిమమేధ తోడుగా, చేతపట్టి మోయదగిన ఎక్సరే యంత్రములు పల్లెలకు పోయినవి. యంత్రము నీడను చూపును. రోగనిర్ధారణకు కఫపరీక్ష కావలెను. ఆ పిమ్మట ఆరు నెలలు మాత్రలు మానకుండ చూచుటకు గడపకు వచ్చునది ఆశా కార్యకర్త, కాలినడకన.