కృష్ణారెడ్డి లోహఫలకాలలో ప్రకృతి: శిల్పదృష్టి, ముద్రణప్రక్రియ

ఆధునిక కళాచరిత్రలో కృష్ణారెడ్డి (1925–2018) పేరు విస్కాసిటీ ముద్రణతో ముడిపడిపోయింది. అయితే ఆయనపై సాగిన చర్చ ఎక్కువగా ఆ పద్ధతిని కనుగొన్నది హేటరా, రెడ్డియా, కైకో మోతీయా అన్న దగ్గరే ఆగిపోతుంది. 1950లలో పారిస్‌లోని అతెలియే 17 పదిమంది కలిసి పనిచేసిన కార్యశాల. అక్కడ రూపుదిద్దుకున్న ప్రక్రియను ఒక్కరి పేరున రాసివ్వడం న్యాయం కాదు. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటుంది: శిల్పిగా శిక్షణ పొందిన వ్యక్తికి ప్రకృతిని చూపడానికి ఈ ప్రక్రియ ఎందుకు అవసరమైంది?

చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన రెడ్డి రిషివ్యాలీలో చదివి, 1940లలో శాంతినికేతన్ చేరారు. అక్కడ నందలాల్ బోస్ శిక్షణలో చెట్టును, గడ్డిని, ఋతువును నిలకడగా పరిశీలించడం పాఠంలో భాగం. ఆ తరువాతి గురువులు మాత్రం ప్రధానంగా శిల్పులే: లండన్‌లో హెన్రీ మూర్, పారిస్‌లో జాడ్కిన్, మిలన్‌లో మరీనో మరీని. కాబట్టి హేటర్ కార్యశాలలో లోహఫలకం చేతికి వచ్చినప్పుడు రెడ్డి దానిని గీతలు గీసే పలకగా కాక, చెక్కవలసిన శిలగా చూశారు.

ఆ చూపు ప్రక్రియలోనే కనబడుతుంది. ఆమ్లంతోనూ ఉలితోనూ ఫలకాన్ని పలు లోతులకు తొలుస్తారు. అప్పుడు దానిపై మిట్టలు, పల్లాలు, వాటి మధ్య వాలులు ఏర్పడతాయి. అట్టడుగు గాడులలో ఒక సిరా నింపి, పైభాగాన్ని తుడుస్తారు. నూనె ఎక్కువ కలిపిన పలుచని సిరాను గట్టి రోలర్ మిట్టలకు మాత్రమే అంటిస్తుంది. తరువాత వచ్చే మెత్తని రోలర్ పల్లాలలోకీ దిగుతుంది. దాని మీది చిక్కని సిరా, నూనె తడి ఉన్న మిట్టలపై తామరాకు మీది నీటిబొట్టులా అంటకుండా, పొడిగా ఉన్న పల్లాలలో మాత్రమే నిలుస్తుంది. వర్ణానికొక ఫలకం అక్కరలేదు. తడి కాగితంపై ఒక్క అచ్చులో అన్ని రంగులూ దిగుతాయి. ఎక్కడ ఏ రంగు నిలవాలో నిర్ణయించేది కుంచె కాదు, ఫలకపు లోతూ సిరా స్నిగ్ధతా. వాననీరు నేలవాలును బట్టి పారినట్టే ఇక్కడ వర్ణం పారుతుంది.

1963 నాటి ‘సుడిగుండం’లో ఒడ్డు లేదు, పడవ లేదు, చూసేవాడు నిలబడే చోటూ లేదు. ఉన్నది కేంద్రం చుట్టూ తిరిగే నీటివేగమే. ‘అల’, ‘చేప’, ‘పురుగు’, ‘నీటి కలువలు’ వంటి రచనల శీర్షికలు వస్తువులను సూచిస్తున్నా, ఆయన వెదికింది వాటి వెనుక పనిచేసే పెరుగుదలను, చలనాన్ని. దృశ్యచిత్రకారుడిగా రెడ్డిని వర్గీకరించడం అందుకే పొరపాటు.

పర్యావరణ కళాకారుడనడమూ అంత సులభం కాదు. ఆ రచనలలో హెచ్చరిక లేదు, నినాదం లేదు. పైగా లోహాన్ని తొలిచే ఆమ్లాలు, సిరా కడిగే ద్రావకాలు ప్రకృతికి గానీ పనిచేసేవారి ఊపిరితిత్తులకు గానీ హితవైనవి కావు. నత్రికామ్లానికి బదులు ఫెర్రిక్ క్లోరైడ్ వంటివాటికి అనేక కార్యశాలలు మారింది అందుకే. నీటిని ఇంత సూక్ష్మంగా చూపిన కళకు ఈ వైరుధ్యం ఉందన్నది దాచదగిన విషయం కాదు. అయినా పదార్థాన్ని లొంగదీయక, దాని స్వభావాన్ని గుర్తెరిగి దానితో కలిసి పనిచేయాలన్న పట్టుదల ఆయన బోధనలోనూ కొనసాగింది. 1970లలో న్యూయార్క్‌కు తరలివెళ్ళి అక్కడి విశ్వవిద్యాలయంలో వర్ణముద్రణ నేర్పిన రెడ్డి, 1988లో తన పద్ధతిపై ప్రచురించిన గ్రంథానికి ఉపశీర్షికలో ఎంచుకున్న మాటలు కూడా పదార్థాల, ప్రక్రియల ప్రాముఖ్యం గురించినవే.