మట్టి మిద్దె

రాయలసీమ పల్లెల్లో తరతరాలుగా కట్టుకుంటూ వచ్చిన బల్లపరుపు కప్పు ఇల్లు మట్టి మిద్దె. కోస్తాలో మిద్దె అంటే మేడ అనుకుంటారు. సీమలో మాత్రం ఒక్క అంతస్తే ఉన్నా అది మిద్దే. పూరికప్పు వేస్తే కొట్టం. మిడుతూరు, నందికొట్కూరు, నంద్యాల ప్రాంతంలో పాత వీధుల మిద్దెలు గోడకు గోడ ఆనుకొని వరుసగా ఉంటాయి.

ఈ ఇంటి లెక్కంతా కప్పుతోనే మొదలవుతుంది. గోడల మీద, కంబాల మీద దూలాలు ఎక్కించి, వాటికి అడ్డంగా దగ్గర దగ్గరగా దంతెలు పరుస్తారు. దంతెల మీద కట్టెపుల్లలో, నాపబండలో, ఆపైన బందారాకు, ఆకు మీద తొక్కిన మట్టి, అన్నిటికీ పైన చౌడు. చౌడులో సోడియం ఎక్కువ. తడవగానే అందులోని బంకమట్టి రేణువులు విడిపోయి సందులు పూడ్చేస్తాయి, నీరు కిందికి దిగదు. పైరును చంపే మన్నే ఇంటిని కాస్తుందన్నమాట. వానలకు ముందు చౌడు తోలి కప్పు మీద పరుచుకోవడం ఏటేటా తప్పని పని. స్పెయిన్‌లోని ఆల్పుహర్రా కొండపల్లెల్లోనూ ఇదే ఉపాయం: అక్కడ బండల మీద లౌనా అనే బూడిదరంగు మట్టి పోస్తారు.

ఇంత బరువు మోయాలి కనుక దూలం మరీ పొడవు పనికిరాదు. దూలం ఎంతో గది వెడల్పు అంతే. అందుకే ఇల్లు పక్కలకు పెరగక వెనక్కి సాగుతుంది. రెండు పక్కలా ఉమ్మడి గోడలే కాబట్టి కిటికీకి చోటు లేదు. ఆ లోటు తీర్చేది గవాచి. కప్పులో చిన్న కంత, దాని చుట్టూ వాననీరు జారకుండా గట్టు. పొయ్యి పొగ అందులోంచే పోతుంది, మధ్యాహ్నం ఎండ అందులోంచే నేల మీద పడుతుంది. చినుకు పడగానే ఎవరో ఒకరు మిద్దెక్కి గవాచిని బండతో మూయాల్సిందే.

వీధివైపు అరుగు. వ్యాపారస్తుల ఇళ్లలో ముందుగది అంగడి, వెనక కాపురం. అంగడికి రెక్కల తలుపు బదులు పొడవాటి చెక్క పలకలుంటాయి. పైనా కిందా ఉన్న గాడిలో ఒక్కొక్కటే జరుపుకుంటూ వచ్చి చివరి పలకకు తాళం వేస్తారు. నేలకు బేతంచెర్ల, బనగానపల్లె వైపు దొరికే నాపబండలు. ఈ సున్నపురాయి పొరలు పొరలుగా ఉంటుంది, ఉలి పెట్టి కొడితే పలకలుగా విడిపోతుంది.

కప్పులన్నీ కలిసి ఉండటంతో వీధి ఈ చివర మిద్దెక్కినవాళ్లు ఆ చివర దిగవచ్చు. మిరపకాయలు ఎండేదీ, వేసవి రాత్రి పడకలు వేసేదీ అక్కడే.

కలప ప్రియమై, చౌడు తోలే ఓపికా తగ్గాక కాంక్రీటు కప్పులు వచ్చాయి. వరుసలో ఒక మిద్దెను పడగొడితే పక్కింటి ఉమ్మడి గోడ బయటపడుతుంది. వానకు ఓర్చుకునేలా కట్టిన గోడ కాదు కాబట్టి, నాలుగు వానలకే కరగడం మొదలుపెడుతుంది.