శిరోభారము - శ్రవణసుఖము



తలపై ధరించి వినెడు హెడ్‌ఫోనులను గుఱించి ముచ్చటింప నేడు నాకవకాశము లభించినది. పాఠశాలలో కావ్యములు బోధించి విశ్రాంతి గొన్న పండితునకు యంత్రములతో నేమి పని యని మీరడుగవచ్చును. శబ్దము ఆకాశగుణమనియు, చెవిదొప్పలో నిమిడిన ఆకాశమే శ్రవణేంద్రియమనియు నైయాయికుల మతము. హెడ్‌ఫోను చేయు పనియంతయు ఆ కొంచెపు ఆకాశమునందే జరుగును గాన ఈ విచారము నాకు పరాయిది గాదు.

ముందుగా పూర్వకథ. 1910లో అమెరికాలోని యూటా రాష్ట్రమున నథానియల్ బాల్డ్విన్ అనునాతడు తన వంటయింటి బల్లపై హెడ్‌ఫోనులను తయారుచేసి ఆ దేశపు నౌకాదళమునకు పంపెను. 1924లో మదరాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారములు మొదలిడిన కాలమునందును, స్ఫటికపు రేడియో గలవారు హెడ్‌ఫోను తగిలించుకొనియే వినవలసి యుండెడిది. గది నిండ మ్రోగు శక్తి ఆ రేడియోకు లేదు. అప్పుడు మాట తెలియుటే ప్రయోజనము. నాదపు సొగసు తరువాతి మాట. 1937లో జర్మనీయందు బేయర్ సంస్థ డి.టి. 48 అను డైనమిక్ హెడ్‌ఫోనును వెలువరించెను. 1958లో అమెరికాలో జాన్ కాస్ రెండు చెవులకు వేర్వేఱు ధ్వనుల నందించు స్టీరియో హెడ్‌ఫోనును ప్రదర్శించెను. 1968లో జర్మనీలోని సెన్‌హైజర్ వారు హెచ్.డి. 414 అను దానిని వెనుకవైపు మూయక, మిక్కిలి తేలికగా నిర్మించిరి. చెవులను బిగించి మూసిననే మంచి ధ్వని వచ్చునన్న నమ్మకము దానితో సడలెను.

ఈ పరంపరకు చెందిన రెండింటిని నేడు పోల్చెదను. ఒకటి సెన్‌హైజర్ వారు 2009లో వెలువరించిన హెచ్.డి. 800, రెండవది ఇంచుమించు ఆ కాలముననే కాలిఫోర్నియానుండి ఆడెజీ సంస్థ తెచ్చిన ఎల్.సి.డి.-2. రెండును వెనుకవైపు తెఱచియుండునవే. వెలయందు రెండును సామాన్యున కందనివే. సంగీతప్రియుడగు నా పూర్వశిష్యుని యింట వారము దినములు రెండింటితోను కచేరీలు వింటిని.

హెచ్.డి. 800 నందు ధ్వని పుట్టించు పొర వలయాకారము. వ్యాసము 56 మిల్లీమీటర్లు. అది చెవికి కొంచెము ముందుగ, ఏటవాలుగ నిలుచును. చెవి చుట్టును విశాలమైన చోటుండును. అందుచే గాయకుడు మన చెవిలో గాక ఎదుట కూర్చుండి పాడినట్లు తోచును. వయొలిన్ ఒకచో, మృదంగమొకచో విడివిడిగ నిలుచును. కాని తారస్థాయిలో పదును మీఱి, ‘స’కారములు ఒక్కొక్కప్పుడు చెవిని గుచ్చును. 2016లో వెలువడిన హెచ్.డి. 800 ఎస్ నందు ఆ పదునును తగ్గించు ఏర్పాటు చేసిరి.

ఎల్.సి.డి.-2 నిర్మాణము వేఱు. పల్చని పొరయంతటను విద్యుత్తు ప్రవహించు రేఖలు పఱచి, దానిని అయస్కాంతముల వరుసల చెంత నిలుపుదురు. పొర యంతయు ఒక్కమాఱుగ కదలుటచే మంద్రము నిండుగ, నిలుకడగ పలుకును. తంబురా శ్రుతియు, మృదంగపు ఎడమవైపు నాదమును దీనియందు వినినపుడు కలిగిన తృప్తి మొదటిదానియందు నాకు కలుగలేదు.

ఇక సుఖమును విచారింతము. తీగ గాక హెచ్.డి. 800 బరువు 330 గ్రాములు. మెత్తలు చెవిని తాకక చుట్టును ఆనియుండును. ఎల్.సి.డి.-2 అర కిలోగ్రాము ప్రాంతము తూగును. అర్ధగంట గడచుసరికి నడినెత్తి నొచ్చును. మన వేసవిలో తోలుమెత్తల క్రింద చెమట పట్టును. అయినను ఇది నిర్మాతల యశ్రద్ధ గాదు. నిండైన మంద్రమునకు తోడ్పడు అయస్కాంతముల వరుసలే ఆ భారమునకును హేతువు. అట్లే మొదటిదానిలో చెవికి హాయినిచ్చు విశాలతయే ధ్వనికిని ఎడమునిచ్చుచున్నది. కనుక ధ్వనియు సుఖమును వేర్వేఱు గుణములని యెంచి మార్కులు వేయుట పొరపాటు. ఒక్క కారణమునకు అవి రెండు ఫలములు.

సుఖమునందొక అపాయము కలదు. బరువైనది తనంత తానే మనలను లెమ్మనును; తేలికైనది ధరించితిమన్న స్మృతియే పోగొట్టును. పెద్దలకు 80 డెసిబెల్‌ల ధ్వని వారమునకు 40 గంటలకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ హద్దు చెప్పినది. ధ్వని హెచ్చినకొలది కాలము తగ్గింపవలెను. అఱువది దాటిన నావంటివానికి పై స్వరములు వయసుచేతనే మందగించును. ఆ లోటు పూరింప ధ్వనిని హెచ్చించుకొనుట మిగిలిన చెవిని తాకట్టు పెట్టుటయే.

నా తీర్పు ఇది. ఒక్క రాగాలాపనకు ఎల్.సి.డి.-2, మంగళము పాడువఱకు కూర్చుండి వినుటకు హెచ్.డి. 800. కొనువారు ఐదు నిమిషములు విని నిర్ణయింపక, ఒక కచేరీ సాంతము ధరించి చూడవలెను. చెవి మెచ్చినదానిని మెడయు మెచ్చవలెను గదా!

సెలవు.